ఆ రోజు మబ్బు పట్టలేదు

ముప్ఫై ఎనిమిదేళ్లు కళ్లజోళ్ల షాపులో అద్దాలు సానబట్టి, ఇప్పుడు డెబ్బయ్యో ఏట ఉన్న నేను, మతి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడికీ మాయమాటకీ లోబడకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి మీద అనుమానం ఉన్నవాళ్లు మా కుటుంబంలోనే ఉన్నారు కాబట్టి డాక్టరు సర్టిఫికెట్టు జతచేశాను. ఆయన నా గుండె సంగతి కూడా రాస్తానన్నారు. అడిగింది బుర్ర గురించి, అంతవరకే రాయమన్నాను. మావారూ నేనూ ఇదివరకు కలిసి రాసిన వీలునామా నేటితో రద్దు.

వచ్చే శనివారం నేను ఆర్కిటిక్ సముద్రంలో ఒక దీవికి, సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి బయలుదేరుతున్నాను. తిరిగొస్తే ఈ కాగితాలు నేనే చింపేస్తాను. రాకపోతే కింద రాసినట్టు జరగాలి.

1. నా రెండు గదుల ఫ్లాటు, అందులోని సమస్త సామానుతో సహా, మా అక్క కోడలికి చెందాలి. ఆమెకి మాత్రమే. ఆమె భర్తకి, అనగా మా అక్క కొడుక్కి, ఇందులో ఎటువంటి హక్కూ లేదు. అతను ఇళ్ల బ్రోకరు. పలకరించే వంకతో వచ్చి ఈ ఫ్లాటు కొలతలు ఎప్పుడో తీసుకుపోయాడు. నా ప్రయాణం మాట విని, "సూర్యుడు ఇక్కడ కనపడ్డం లేదా పిన్నీ? మంచుగడ్డల్లోకి పోయి వెతుక్కోవాలా?" అని నలుగురిలో నవ్వాడు. ఆ మర్నాటి నుంచి నా పాస్‌పోర్టు కనపడలేదు. నాలుగో రోజు అతని భార్య కూరగాయల సంచి అడుగున పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. "ఆయన సొరుగులో ఉంది చిన్నత్తయ్యా. నేనిచ్చానని మాత్రం అనకండి" అంది. ఇప్పుడు అంటున్నాను. ఇది చదివేనాటికి ఆమెకి సొంత ఇల్లు ఉంటుంది కాబట్టి భయం లేదు.

2. షాపు యజమానికి ఏమీ లేదు. మొదటిసారి గ్రహణానికి వెళ్లాలని రెండు నెలలు సెలవు అడిగితే, "గ్రహణం ఎంతసేపమ్మా, ఒంటిపూట సెలవు చాలదూ?" అన్నవాడికి ఏమివ్వను?

3. వంటగది గోడ మీది మ్యాపు, దాని పక్కన అంటించిన టైమ్‌టేబులు, బస్సు డిపోలో మావారి కుర్చీలో ఇప్పుడు కూర్చునే టైమ్‌కీపరుకి. ఆ మొదటి గ్రహణం ప్రయాణానికి ఆ టైమ్‌టేబులు మావారు ఎనిమిదేళ్లు తయారుచేశారు. మాకు పిల్లల్లేరు. సాయంత్రం ఇద్దరం పనిలోంచి వచ్చి ఆ గోడ ముందు కూర్చునేవాళ్లం. ఏ రైలు, ఏ ఓడ, ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కాలి, ఏ బండి ఆలస్యమైతే దాని తర్వాత ఏది, అన్నీ బస్సుల లెక్కనే రాశారు. ఆఖరి గడిలో ఎర్ర సిరాతో "చీకటి: 2 నిమిషాల 11 సెకన్లు" అని ఉంటుంది. నా వంతుగా, వెల్డింగ్ పనివాళ్లు వాడే నల్లద్దం, పద్నాలుగో నంబరుది తెచ్చి, కోసి, అంచులు అరగదీసి, రెండు జతల కళ్లజోళ్లు చేశాను. ఎంత పని చేసినా ఆ రెండు జతలంత శ్రద్ధగా ఇంకేదీ చెయ్యలేదు.

4. మా అక్కకి, బీరువా రెండో అరలో నీలం డబ్బాలో ఉన్న కళ్లజోడు. పవరు మారిందని ఆమెకింకా తెలియదు. పేపరు చదివేటప్పుడు ఎడమ కన్ను మూసుకుంటోంది, నేను గమనించాను. ఆ కంటికి పావు పాయింటు ఎక్కువ పెట్టాను. ముక్కు మీద ఒరుసుకోకుండా మెత్తలు మార్చాను. నేను పోయాక ఈ పని ఎవరూ చెయ్యరు కాబట్టి చేసిపెట్టాను. ప్రేమ అనుకుంటే అనుకోవచ్చు. కానీ కింద రాసింది ఆ కళ్లజోడు పెట్టుకునే చదవాలి.

పదహారేళ్ల కిందట మేమిద్దరం పెట్టెలతో రేవులో నిలబడి ఉండగా అక్క నుంచి ఫోన్ వచ్చింది. "గుండె పట్టేసిందే చెల్లీ. ఆఖరి చూపు చూసుకుని పో" అంది. ఓడ మూడు గంటల్లో కదులుతుంది. మావారు తన పెట్టె కూడా ఎత్తి భుజాన వేసుకున్నారు, నాతో తిరిగి రావడానికి. నేనే ఆపాను. "ఇద్దరిలో ఒక్కరన్నా చూడాలి. మీరు చూసొచ్చి నాకు చెప్పండి. ఒక్కటీ వదలకుండా చెప్పాలి" అన్నాను. సరేనన్నారు. రైలు మారి, పద్నాలుగు గంటలు కూర్చుని అక్క ఇంటికి చేరాను. ఆమె మంచం మీద కూర్చుని ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. నన్ను చూసి దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. "నువ్వు కూడా అంత దూరం పోతే నాకెవరున్నారే?" అంది. నేను ఆ కొస పట్టుకుని మడతపెట్టాను. ఆ రోజు దుప్పటి కింద పడేసి ఉండాల్సింది.

5. మావారు రెండు నెలల తర్వాత వచ్చారు. గుమ్మంలోనే అడిగాను. "ఏముంది, మబ్బు. తెల్లగా, గోడ కట్టినట్టు. కాసేపు చీకటి పడింది, అంతే. నువ్వు పోగొట్టుకున్నదేమీ లేదు" అన్నారు. అయ్యో, అంత కష్టపడి ప్లాను వేస్తే, అని ఆయన్నే ఓదార్చాను. పద్నాలుగేళ్లు ఓదార్చాను. ఎవరింటికి వెళ్లినా, "మావారు మబ్బు చూడటానికి భూమి చివరిదాకా వెళ్లారు" అని నేను ఎగతాళి చేసేదాన్ని, ఆయన తలొంచుకుని నవ్వేవారు.

ఆయన పోయి రెండేళ్లు. ఓడలో ఆయన గదిలో ఉన్న పళ్ల డాక్టరు ఒకాయన ఏటా కొత్త సంవత్సరానికి కార్డు పంపేవాడు. మావారు పోయారని రాస్తే జవాబుతో పాటు ఒక ఫోటో వచ్చింది. ఆకాశం నల్లగా, తుడిచిన పలకలా ఉంది. అంచున నారింజ రంగు గీత. పైన నల్లటి సూర్యుడు, చుట్టూ తెల్లటి వెలుగు జుట్టు విరబోసుకున్నట్టు. మబ్బు తునక లేదు. కింద మావారు, నేను చేసిన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, మంచులో మోకాళ్ల మీద ఉన్నారు. "ఆ రెండు నిమిషాలూ 'చూశావా, చూశావా' అని పక్కన ఎవరో ఉన్నట్టు అంటూనే ఉన్నారు. మీకు చెప్పే ఉంటారు" అని రాశాడు ఆ పెద్దమనిషి.

చెప్పలేదు.

అక్క నా ప్రయాణం ఒకటే తీసుకుంది. నాకు రావలసిన మాటలు మావారు తీసుకున్నారు. నా బాధ చూడలేక అబద్ధం ఆడారని అక్క కోడలు అంటుంది. అయి ఉండొచ్చు. అడగకుండా నా తరఫున జాలిపడే హక్కు ఆయనకి ఎవరిచ్చారు? ఈ ఫోటో నేను ఎవరికీ రాసి ఇవ్వడం లేదు. నాతో తీసుకెళ్తున్నాను.

6. ఐస్ ఫ్యాక్టరీ మేనేజరుకి నా ఉన్ని కోటు ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవారికి ఏమీ రాయకూడదన్నారు కాబట్టి ఇక్కడ కృతజ్ఞత మాత్రమే. చలి అలవాటు కావాలంటే నెల రోజులు మధ్యాహ్నాలు నన్ను కోల్డ్ రూములో నిలబడనిచ్చారు. మొదటి రోజు ఆరు నిమిషాలు. నిన్న నలభై. అద్దం కిటికీలోంచి నన్నే చూస్తూ, "చాలమ్మా, రండి" అని చేతులూపేవారు.

7. దీన్ని అమలుచేసే బాధ్యత పై అంతస్తులో ఉండే రిటైర్డ్ పోస్టుమాస్టరుగారిది. ఆయనకి రెండు షరతులు, నోటితో ఇప్పటికే చెప్పినవే. నేను ఓడ ఎక్కేదాకా మా అక్క దగ్గర్నుంచి వచ్చే ఏ కబురూ నాకు అందించకూడదు, అది నిజమైనా సరే. ఇది రాయబోతే నా చెయ్యి ఆగింది. ఆగినా రాశాను. రెండోది, నేను అక్కడే పోతే శవాన్ని వెనక్కి తెప్పించవద్దు. ఈ ప్రయాణం చేస్తే తిరిగి రావడం అనుమానమేనని డాక్టరు చెప్పారు. చెయ్యకపోతే ఎన్నాళ్లని అడిగాను. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర అన్నారు. ఆ ఏడాదిన్నరా ఈ వంటగదిలో కూర్చుని ఏం చెయ్యను?

8. నేను పోయాక, భర్తని క్షమించి పోయిందని ఎవరూ అనవద్దు, ఎక్కడా రాయవద్దు. ఆ సంగతి నేనింకా తేల్చుకోలేదు. ఆయన చూసింది నేనూ చూస్తే తెలుస్తుందేమో, అది మాటలకి లొంగనిదో, లేక ఆయనే నాకు దక్కనివ్వలేదో. ఏదని తేలినా దాన్ని వారసులెవరికీ పంచడం లేదు. అది నా సొంతం.

ఇందులో ఆరు పేజీలు, రెండు చోట్ల దిద్దుబాట్లు ఉన్నాయి. రెండూ నావే.

తేదీ: మార్చి పదకొండు, బుధవారం, ఉదయం పదిన్నర.

సంతకం: (అద్దాలు సానబట్టిన చేత్తో, స్పష్టంగా)

సాక్షులు:
1. ఐస్ ఫ్యాక్టరీ మేనేజరు
2. కింది వాటాలో లేడీస్ టైలరు. ఆమె సంతకం పెట్టి, "వెళ్లిరండి" అని పక్కన రాసింది. కొట్టేయమని నేను అనలేదు.