కోడలు కడుపుతో ఉన్న ఇంట్లో వేట తుపాకీ

శనివారం రాత్రి, ట్రాయ్, అమెరికా

మా కోడలు స్వాతి నెల తప్పింది! నేను తాతనవుతున్నాను!

పొద్దున ఈ సంగతి తెలియక, మా అబ్బాయి రవితో జింకల వేట తుపాకీ కొనడానికి హుషారుగా వెళ్లాను. వాడికిదే మొదటి వేట.

"ఒక్కో గుండుకీ ఈ పక్కనున్న పిడి, అదే బోల్టు, లాగాలి నాన్నా. బిగినర్‌కి ఇదే బెస్ట్, రేటూ తక్కువే."

పేలినప్పుడు భుజాన్ని అట్టే తన్నని రకం చూసి, "ఇదే తీసుకోరా" అన్నది నేనే.

ఇంటికి రాగానే స్వాతి చెప్పింది. ఎగిరి గంతేశాను, వెంటనే గుండె జారిపోయింది. భార్య కడుపుతో ఉండగా మగవాడు ప్రాణం తీయకూడదు కదా! ఇప్పటికే రెండుసార్లు కడుపు నిలవలేదు.

"ఈ ఏడు వేట వద్దురా."

"జింకకీ ప్రెగ్నెన్సీకీ లింకేంటి నాన్నా? ఫ్రెండ్స్‌తో అడవిలో ఉండడానికి క్యాబిన్ కూడా బుక్ చేసేశాం."

"టెన్షన్ పడకండి మామయ్యా," అంది స్వాతి. ఆ పిల్ల ముఖంలోనే నెత్తురు చుక్క లేదు.

వాడు వినడు. ఇంక నాకు దారేదీ తోచడం లేదు. దేవుడా, ఈసారైనా...

పోయినసారి తొందరపడి అందరికీ చెప్పేసి, మళ్లీ ఫోన్లు చేసి పోయిందని చెప్పలేక చచ్చాను. ఈసారి మూడో నెల నిండాకే చెప్పాలి: తమ్ముడు సుబ్బారావుకి, కాకినాడ పిన్నికి, బావగారికి, రెండుసార్లూ బొంత కుట్టి దాచిపెట్టుకున్న మా పెద్దక్కకి.