జారిన గుర్తు

నాన్నగారికి నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా.

పోయిన సెలవుల్లో మాస్టారి పాత కారుకు ప్లగ్గులో నిప్పురవ్వ పడే టైమింగును మీరు చెవితో విని పెడితే, నేను టైమింగు లైటు వేసి, ఇంజను ముందున్న పుల్లీ మీది గుర్తుకు మార్చాను. "ఇంజను గొంతు మారిందిరా, నా చెవి ఒప్పుకోవడం లేదు" అన్నారు మీరు. "చెవికి వయసొచ్చింది నాన్నా" అన్నాను. ఆనాటి నుంచి మీరు పానా ముట్టుకోలేదని చెల్లి రాసింది.

నిన్న మా షెడ్డుకు అదే రకం కారు వచ్చింది. గుర్తుకు కచ్చితంగా పెట్టినా ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను టకటకా కొట్టుకుంటోంది. మా మేస్త్రి నవ్వి, "లైటుకేం తెలుసు బాబూ, నువ్వు చూపించిందే చూస్తుంది" అన్నాడు. మొదటి ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో సన్నని వెదురుబద్ద నిలిపి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పాను. పిస్టన్ బద్దను పూర్తిగా పైకి లేపేసరికి, సున్నా గీత దగ్గర ఉండవలసిన పుల్లీ గుర్తు వేలెడు దూరంలో ఉంది! పుల్లీ లోపలి రబ్బరు వదులై, గుర్తున్న పైచుట్టు జారిపోయింది.

మాస్టారి కారుకూ ఇలాగే అయిందేమో తెలుసుకోవాలని మనసు నిలవడం లేదు. దయచేసి మీరే బద్ద పెట్టి చూడండి. గుర్తు జారి ఉంటే టైమింగును మీ చెవి చెప్పిన చోటికే తిప్పండి. తప్పు నాదని మాస్టారికి నేనే రాస్తాను.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? అమ్మ మోకాలు ఎలా ఉంది?

అమ్మకు నమస్కారాలు, చెల్లికి దీవెనలు, మీ చెవికి క్షమాపణలు.

మీ పెద్దవాడు