దిబ్బ ఉత్తరపు సగం

రాజమహేంద్రవరం దానవాయిపేటలో కాపురముంటున్న, చరిత్ర లెక్చరరుగా రిటైరైన, డెబ్బై తొమ్మిదేళ్ల అడ్డాల నూకరత్నం అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, సొంత దస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. నా మతి బాగానే ఉందని డాక్టరుగారు ఇచ్చిన కాగితం జతచేశాను. నా కొడుకు మురళీకృష్ణకు అనుమానం ఉంటే ముందు ఆరో అంశం చదువుకోవచ్చు.

1. ఈ ఇల్లు మురళీకృష్ణకు, కోడలు రాణికి చెరిసగం. నా తవ్వకపు జల్లెడ మీద రాణి ఏళ్ల తరబడి గుమ్మడి వడియాలు ఎండబెడుతోంది. జల్లెడ కూడా ఆమెదే. వడియాలు బాగుంటాయి.

2. బ్రిటన్‌లో ఒక రోమన్ సైనిక శిబిరం తవ్వినప్పుడు, విద్యార్థినిగా నేను మూడు వేసవులు అక్కడ మట్టి మోశాను. రోమన్ల కాలంలో సైనికులు ఆరబెట్టిన పచ్చి ఇంటికప్పు పెంకు మీద ఓ కుక్క నడిచిపోయింది. దళం ముద్ర పక్కనే దాని అడుగు పడింది. ఆ పెంకు ప్లాస్టర్ అచ్చు నా బల్ల మీదుంది. అది మా ఇంట్లో వంటచేసే పాపాయికి. చూసినవాళ్లంతా ఎంత పలుకుతుందని అడిగారు. "ఆ కుక్క సైన్యందాండీ, ఊళ్లోదాండీ?" అన్నది పాపాయి ఒక్కతే.

3. జంగారెడ్డిగూడెం దారిలో నాకు పుట్టింటివారిచ్చిన రెండెకరాల దిబ్బ ఉంది. ఎనభై నాలుగులో అక్కడ రోమన్ ద్రాక్షసారా జాడీ పెంకులు మూడు దొరికాయి. వాటిని చూసి మురళీకృష్ణ "రోమన్ క్యాంప్ రిసార్ట్" అని బోర్డు పెట్టించి, కింద నా పేరు రాయించాడు. "జాడీ వచ్చిందంటే సైన్యం రాకుండా ఉంటుందా అమ్మా?" అని వాదన. మన అలమరాలో చైనా కప్పులున్నాయి. చైనా సైన్యం ఏ గదిలో దిగిందో చెప్పాలి. శిబిరమంటే కందకం, మట్టిగోడ, కొలిచి వేసిన వీధులు, ఎనిమిదేసి మందికో గది. దిబ్బ మీద అలాంటి జాడ లేదు. జాడీ వర్తకంలో వచ్చింది. బోర్డు తీసెయ్యాలి. తీయకపోతే ఇంట్లో అతని వాటా రాణికి చెందుతుంది.

4. దిబ్బ దక్షిణపు సగం మురళీకృష్ణకు. అది పురావస్తు శాఖ అనుమతితో నేను అట్టడుగుదాకా తవ్వించాను. ఏమీ లేదు. గదులు కట్టుకోవచ్చు. "ఏమీ లేని దిబ్బ" అని పేరు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

5. ఉత్తరపు సగం మనవరాలు హారతికి, తవ్వకుండా ఉంచే షరతు మీద. పునాది, బోరు, కొబ్బరి మొక్క, ఏదీ కూడదు. బ్రిటన్ శిబిరంలోనూ మా ప్రొఫెసరుగారు సగం ముట్టనివ్వలేదు. దాని మీద గొర్రెలు మేసేవి. మనకంటే మంచి పనిముట్లతో ఎవరో వస్తారని, వాళ్లకీ కొంత మిగల్చాలని అనేవారు. ఒకసారి తవ్విన నేలను రెండోసారి చదవలేం. పెంకులు మూడూ దొరికింది ఈ సగం అంచునే. కింద ఏముందో చూడాలని నాకు నలభై ఏళ్లుగా ఉంది. ఇవాళా ఉంది. పార వెయ్యలేదు. హారతీ, నీకూ చూడాలనిపిస్తుంది. ఓర్చుకో. తర్వాత నీలాగే ఓర్చుకునేవాళ్లకు ఇయ్యి. అమలు బాధ్యత అడ్వకేట్ జయపాల్ గారిది.

6. నా బూడిద గోదావరిలో కలపాలి. మురళీకృష్ణకు మనసు కరిగి దిబ్బ మీద చల్లాలనిపించవచ్చు. కూడదు. రేపు తవ్వేవాళ్లు అది చూసి, ఇక్కడ సైన్యం వంటశాల ఉండేదని రాస్తారు.

రాజమహేంద్రవరం, 14 నవంబరు 2025.

(సంతకం) అడ్డాల నూకరత్నం

సాక్షులు:
తబిత, రిటైర్డ్ లైబ్రేరియన్
చిట్టియ్య, ఎదురింటివారు