పెదవుల మీది పాఠం

బర్న్‌లీ,
అక్టోబరు 1889

ప్రియమైన తమ్ముడు ఈనాక్‌కి,

మగ్గాల షెడ్డు నుంచి బయటపడే దారి దొరికింది. సహకార సంఘం గ్రంథాలయంలో ఉద్యోగం ఖాళీ ఉంది. చలికాలం క్లాసులకు వెళ్లి, ఇంగ్లీషు సాహిత్య చరిత్ర పరీక్ష పాసైతే నాకే ఇస్తామన్నారు.

ఫెల్గేట్ మాస్టారికి నోరు కనబడనంత గుబురు గడ్డం. మొదటి వారం రాజుల కొలువుల్లో తాగుతూ పాడుకున్న వీరగాథలు చెప్పారు. "ఇదీ మన భాషేనా!" అని నాతోపాటు క్లాసుకొచ్చే పక్క మగ్గం డోర్కస్ నోరెళ్లబెట్టింది. మగ్గాల రొదలో పెదవులు చూసి మాట్లాడుకునే మా అలవాటు క్లాసులోనూ పోలేదు. తర్వాత యాత్రికుల కథలు. అవి అచ్చం మన సంతలో కబుర్లే.

నీ అక్క,
కెజయా

లండన్,
నవంబరు

ప్రియమైన అక్కా,

నాకు చదువు నేర్పిందే నువ్వు, నీకు పరీక్షొక లెక్కా? ఇక్కడ అచ్చు పని బాగానే సాగుతోంది. మీసం పెంచాను, పెదవులు రెండూ మాయం! క్రిస్మస్‌కి వస్తాను, చూసి నవ్వకు.

మీ మాస్టారి గొంతెలా ఉంటుందో రాయలేదేం? మన పాస్టరుగారిలా నిద్రపుచ్చుతాడా?

నీ తమ్ముడు,
ఈనాక్

బర్న్‌లీ,
డిసెంబరు

తమ్ముడూ,

కొంప మునిగింది. నాటకశాలలు కళకళలాడిన కాలం, వాటికి తాళాలేసి రాజు తల తీసిన కాలం, కాఫీ దుకాణాల్లో కూర్చుని లోకాన్ని ఎగతాళి చేసిన పెద్దమనుషులు, కొండలూ సరస్సులూ పట్టుకు తిరిగిన కవులు, అన్నీ అయ్యాయి. నిన్న నవలల దగ్గరకొచ్చాం. మధ్యలో మాస్టారు మావైపు తిరిగి, "వారం వారం మూతులు తిప్పి నన్ను వెక్కిరిస్తారా? ఇద్దరూ పరీక్షకు రావద్దు" అన్నారట. డోర్కస్ ఏడుస్తూ చెప్పింది.

నీ కెజయా

లండన్,
డిసెంబరు

అక్కా,

"అన్నారట" ఏమిటి? నువ్వక్కడే ఉన్నావుగా! అసలు సంగతి ఆయనకు చెప్పు. నాకూ చెప్పు.

కంగారుతో,
ఈనాక్

బర్న్‌లీ,
డిసెంబరు

ప్రియమైన ఈనాక్,

నాకు వినబడదురా. నువ్వు లండన్ వెళ్లిన ఏడాదే మగ్గాలు నా చెవులు తినేశాయి. తెలిస్తే ఉద్యోగం ఇవ్వరని భయపడి నీకూ చెప్పలేదు. గడ్డం వల్ల మాస్టారి మాట నాకందదు. అందుకే పాఠమంతా డోర్కస్ తన పెదవులతో నాకు మళ్లీ చెప్పేది.

వెళ్లి ఇదంతా చెప్పేశాను. మాస్టారు తెల్లబోయి, ఇద్దరినీ పరీక్షకు రమ్మన్నారు. పరీక్షరోజు నున్నగా గీసుకున్న ముఖంతో ఎవరో వస్తే పోల్చుకోలేకపోయాను. "అమ్మాయ్, నోటి ప్రశ్నలు నేనే అడుగుతాను. నా పెదవులు చూడు" అన్నారు. ఒక్క మాటా పోలేదు. డోర్కస్, నేను ఇద్దరం పాసయ్యాం.

ఉద్యోగం నాకే ఇచ్చారు. "గ్రంథాలయంలో ఎవరూ మాట్లాడకూడదు కదా, ఈవిడకేం ఇబ్బంది?" అన్నారు సంఘం కార్యదర్శిగారు. నవ్వాను, ఇంటికొచ్చి ఏడ్చాను.

నీ గొంతు ఇక వినలేను. నీ మాటలైనా నాకు దక్కాలి. రైలెక్కే ముందు ఆ మీసం తీసెయ్యి, నాన్నా.

నీకోసం ఎదురుచూసే
అక్క