నంబరు దొరకని వాక్యం

కరుణా,

నా రాత ఎప్పుడూ వంకరే. టీచరమ్మవి, తప్పులుంటే ఈసారికి ఎర్రసిరా తీయొద్దు.

నువ్వు పోయి రేపటికి ఏడాది. మన అమ్మాయి మేరీ నీ నవలను నెల్లూరులో అచ్చుకిచ్చింది. ప్రతి అధ్యాయం మొదట్లో నువ్వొక దేవుని వాక్యం పెట్టావు కదా, అవి బైబిల్లో ఎక్కడివో అధ్యాయం, వచనం నంబర్లు కావాలన్నారట ప్రెస్సువాళ్లు. పదకొండింటికి దొరికాయి. చివరిదానికే దొరకలేదు.

"'నేను సముద్రము మీదికి పోయిన ప్రతి దినము భయపడితిని.' పాస్టరుగారు గూడా వెతికినారు నాయనా, యాడా లేదంట. నువ్వన్నా విన్నావా? నంబరు లేకపోతే తీసేస్తారంట" అంది మేరీ.

అది నేను నీ ఒక్కదానికే చెప్పుకున్న మాట. దాన్ని చర్చిలో చదివే భాషలోకి మార్చి రాస్తావని నాకేం తెలుసు? ముప్పై ఏళ్లు చేపల వేటకు పోయినవాణ్ణి. నాకు భయమే తెలియదని జువ్వలదిన్నెలో అందరూ అనుకుంటారు. నాదని చెబితే నవ్వుతారు. చెప్పకపోతే నీ పుస్తకంలో నేనుండను.

రేపు మొదటి బస్సుకే మేరీ ప్రెస్సుకు పోతుంది. చెప్పమంటావా, వద్దా? ఆలోపే జవాబు రాయి.