పెదవి మూలన వేలు

అమ్మకి,

నీ పెద్దకూతురు నమస్కారాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. ఆ 'బాగానే'లో ఒక మెలిక ఉంది, కాస్త ఆగి చెప్తాను. కంగారుపడి చివరి పేజీకి పోకు. నీ సంగతి నాకు తెలీదా, కథల పుస్తకమైనా సరే, కరెంటాఫీసు కాగితమైనా సరే వెనకనుంచే మొదలుపెడతావు. ఈ ఒక్కసారికి వరసలో చదువు. అక్కడ నువ్వూ, తమ్ముడూ, మరదలూ, పసివాడూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ అల్లుడి నడుంనొప్పి తగ్గింది. కుట్టుమిషను ముందు మరీ వంగి కూర్చోకుండా కుర్చీ కాళ్ల కింద చెక్కలు పెట్టించాను. ఇప్పుడు సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుని జాకెట్లు కుడుతున్నారు. నీ మనవరాలు పరీక్షలు బాగానే రాసిందట. మార్కులు చూసేదాకా ఆ పిల్ల మాట నేను నమ్మను. వంటింట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది, దాని గురించి మళ్లీ అడక్కు, నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. ఫోన్లో నా మాట ముద్దగా వస్తోందని ఒకటి. అసలు ఫోనే మానేసి ఈ కాలంలో ఉత్తరాలకి దిగానేంటని రెండోది. రెండిటికీ జవాబు ఆ మెలికే. దానికంటే ముందు బడి సంగతి చెప్పాలి. నీకు జవాబు రాయడం మూడు వారాలు ఆలస్యమవడానికి కారణం అదే. నా ఒకటో తరగతిని నా చేతిలోంచి తీసేసుకునే పరిస్థితి వచ్చింది. నిన్నటితో అది తేలింది.

దగ్గు జబ్బు పాకిందనీ, బడిలో అందరం మాస్కులు పెట్టుకున్నామనీ చలి రోజుల్లో రాశాను కదా. మాస్కుతో ఆరేళ్ల పిల్లలకి పాఠం చెప్పడం ఏమిటో చెప్పిన వాళ్లకే తెలుస్తుంది. నవ్వినా తెలీదు, కోప్పడినా తెలీదు. మెచ్చుకోవాలంటే రెండు కనుబొమ్మలూ ఎగరెయ్యాలి, తిట్టాలంటే ఒకటే ఎగరెయ్యాలి. వారం తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. పిల్లలేమైనా తక్కువా? ఒకడు మాస్కు వెనకాల సగం రబ్బరు నమిలి మింగేశాడు, నాకు కనిపిస్తే కదా. ఇద్దరు ఆడపిల్లలు పూల మాస్కూ పులి మాస్కూ మార్చుకుని కూర్చున్నారు. ఆ సంగతి నాకు మోసుకొచ్చింది మూడో బెంచీలో ఒక రెండు జడల పిల్ల. దానికి నేను 'ఫిర్యాదులు' అని పేరు పెట్టుకున్నాను. రోజుకి పది ఫిర్యాదులు చెయ్యకపోతే దానికి అన్నం సహించదు.

రెండు నెలల కిందట జబ్బు తగ్గింది. మాస్కులు తీసెయ్యమన్నారు. అందరూ తీసేశారు, నేను తియ్యలేదు. చాక్‌పీసు పొడి పడట్లేదని చెప్పాను. స్టాఫ్‌రూంలో టీ కూడా గోడవైపు తిరిగి తాగాను. కొన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

మా పెద్ద మేడం మాత్రం కళ్లు మూసుకుని తిరిగే మనిషి కాదు. ఒకరోజు నా తరగతికొచ్చి పిల్లల నోటుపుస్తకాలన్నీ తిరగేసి, నన్ను తన గదికి రమ్మంది.

"ఏమ్మా, మీ పిల్లలకి 'క' నుంచి 'న' దాకా బ్రహ్మాండంగా వచ్చు. 'య', 'ర', 'ల' కూడా వచ్చు. మధ్యలో ఐదక్షరాలు ఎవరెత్తుకుపోయారు?"

నేను మాస్కు సర్దుకున్నాను.

"ప, ఫ, బ, భ, మ. ఒక్కటీ రాదు. ఏడాది ముప్పాతిక అయిపోయింది, ఒకటో తరగతి పిల్లలకి 'అమ్మ' అని రాయడం రాదు. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు."

"చెప్పేస్తానండి. కొంచెం వెనకబడ్డాం."

"వెనకబడలేదు, దాటేశారు. సోమవారంనుంచి మాస్కు తీసి ఆ ఐదూ చెప్పండి. అవి పెదవులతో పలికేవి, నోరు చూడందే పిల్లలకి పట్టుబడవు. పదిహేను రోజులయ్యాక నేనే వచ్చి చదివిస్తాను. మాస్కు తియ్యనంటారా, తప్పులేదు, ఆఫీసులో రికార్డులు చూసుకుందురుగాని. తరగతి ఇంకొకరికిస్తాను."

అమ్మా, పద్దెనిమిదేళ్లుగా ఒకటో తరగతే చెప్తున్నాను. పై తరగతులిస్తామన్నా వద్దన్నదాన్ని. అక్షరం అంటే ఏమిటో తెలీని పిల్ల ఒకరోజు ఉన్నట్టుండి దారిలో దుకాణం బోర్డు చదివేస్తుంది చూడు, అది చూడ్డానికే నేను బడికి పోతాను. అది లేకుండా రికార్డుల మధ్య కూర్చుంటే నేనేమైపోతానో నాకు తెలుసు.

ఇక ఆ మెలిక చెప్తాను. నిలబడి చదువుతుంటే కూర్చో.

నాలుగు నెలల కిందట ఒక పొద్దున్న పళ్లు తోముకుంటుంటే, పుక్కిలించిన నీళ్లు ఎడమవైపునుంచి వాటంతటవే కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే నోరు కుడివైపుకి లాగేసి ఉంది. ఎడమ కన్ను మూద్దామంటే మూతపడలేదు.

ఇది నాన్నకొచ్చింది కాదు. మళ్లీ రాస్తున్నాను, ఇది నాన్నకొచ్చింది కాదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. చెయ్యి ఎత్తమన్నాడు, ఎత్తాను. నడవమన్నాడు, నడిచాను. ముఖానికి వెళ్లే నరం ఒకటి వాచిందట, తలకీ దీనికీ సంబంధం లేదట. మందులిచ్చాడు. బుగ్గలు పూరించడం, ఈల వెయ్యడం లాంటి కసరత్తులు చెప్పాడు. కన్ను ఇప్పుడు పూర్తిగా మూతపడుతోంది. నోరు సగం దారికొచ్చింది. మిగతా సగం కూడా రావచ్చు, కొంచెం వంకర మిగిలిపోనూవచ్చు అన్నాడు. నేను వాడుతున్న మందుల చీటీ నకలు దీంతో పెడుతున్నాను, తమ్ముడికి తెలిసిన డాక్టరెవరికైనా చూపించుకో. నా మాట నమ్మవని తెలుసు.

నీకెందుకు చెప్పలేదంటే, నాన్నకి మొదలైన రోజు నాకు గుర్తుంది కాబట్టి. మాట ముద్దగా వస్తోందని నువ్వే ముందు కనిపెట్టావు. తర్వాత మూడేళ్లు ఆ మంచం పక్కనే ఉన్నావు. ఫోన్లో నా మాట ముద్దగా ఉందని నువ్వు అన్నప్పుడు పన్ను పీకించుకున్నానని అబద్ధం చెప్పాను. తమ్ముడు వీడియో కాల్ చేసినప్పుడల్లా బడిలో ఉన్నానని మాస్కుతోనే కనిపించాను. తప్పే. తిట్టాలనుకుంటే తిట్టు, కానీ భయపడకు.

నీ దగ్గర దాచడం ఒక తప్పైతే, బడిలో చేసింది ఇంకా పెద్దది. 'ప' అనాలంటే పెదవులు గట్టిగా కలవాలి. నాకు ఒకవైపే కలుస్తున్నాయి, రెండోవైపు గాలి తుస్సుమని పోతోంది. మాస్కు వెనకనుంచి ఆ ఐదూ ఎలా పలికినా ఒకేలా వినిపించేవి. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అని 'న' దగ్గర ఆగి, తర్వాత 'య' మీదకి దూకేశాను. ఇరవైఎనిమిది మంది పిల్లల చదువు నా సిగ్గు కింద దాచేశాను. పెద్ద మేడం అడిగేదాకా ఒప్పుకోలేదు, నాకు నేను కూడా ఒప్పుకోలేదు.

ఆదివారమంతా ఇంట్లో ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. మీ అల్లుడు చూసి చూసి మిషను ఆపారు.

"నీకు మాస్కులు కుట్టింది నేనే. ఇంకో వంద కుట్టమన్నా కుడతాను. కానీ నువ్వు రికార్డుల గదిలో కూర్చున్నావనుకో, సాయంత్రం ఇంటికొచ్చి నాతో రికార్డులే మాట్లాడతావు. అది మాత్రం నా వల్ల కాదు" అన్నారు.

సోమవారం తరగతిలోకి వెళ్లి తలుపు వేసి మాస్కు తీశాను. ఫిర్యాదులు లేచి నిలబడింది.

"టీచర్, మీ నోరు ఒక పక్కకి వెళ్లిపోయింది."

"అవునమ్మా. రెండో పక్క నిద్రపోతోంది."

"ఎప్పుడు లేస్తుంది?"

"ఏమో, తెలీదు."

"నీళ్లు చల్లండి టీచర్. మా అమ్మ నన్ను అలాగే లేపుతుంది."

అంతే అమ్మా. నాలుగు నెలలు నేను హడలి చచ్చిందంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. పుస్తకాలు తియ్యమన్నాను.

నాకో కిటుకు తెలుసు. ఎడమ పెదవి మూల వేలితో నొక్కి పట్టుకుంటే గాలి పోదు, 'ప' శుభ్రంగా వస్తుంది. అలా పెట్టుకుని "ప" అన్నాను. నోరు మూసుకోమంటున్నాననుకుని ఇరవైఎనిమిది మందీ నోటిమీద వేళ్లేసుకున్నారు! కాదర్రా, నాతోపాటు అనండి అన్నాను. అన్నారు, చక్కగా అన్నారు. వారంలో ఐదక్షరాలూ అయ్యాయి. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఎనిమిదో రోజు ఒక తండ్రి వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు, యూనిఫాంతోనే వచ్చాడు.

"టీచర్, మీరేమీ అనుకోకండి. మా పాప 'పాలు' అనాలంటే మూతి మూలన వేలు పెట్టుకుంటోంది. 'బస్సు' అన్నా అంతే. నేను బస్సు డ్రైవర్ని, మా ఇంట్లో ఆ మాట రోజుకి ఎన్నిసార్లొస్తుందో మీరే చూసుకోండి. ఇదేమైనా కొత్త పద్ధతా?"

అప్పుడు వెలిగింది నాకు. వేలు పెడితేనే ఆ అక్షరం వస్తుందని నేర్చుకున్నారు వాళ్లు! నేను చేసి చూపించింది అదే కదా మరి. ఆయనకి నా ముఖం సంగతి చెప్పి క్షమించమన్నాను. ఆయన నవ్వాపుకోలేక, "పోనీలెండి టీచర్, ఇంతకుముందు ఆ అక్షరాలు బొత్తిగా చదివేదే కాదు" అని వెళ్లిపోయాడు.

మర్నాడు పిల్లలకి చెప్పాను, వేలు నాకు కావాలి, మీకక్కర్లేదని. తలలూపారు. తీసినట్టే తీసి, గట్టిగా చదవమనగానే మళ్లీ పెట్టారు. పైగా ఫిర్యాదులు లేచి, "టీచర్, వీడు వేలు పెట్టట్లేదు!" అని ఆ బుద్ధిగా తీసినవాడి మీదే ఫిర్యాదు. వారం పోరాడాను. నా వల్ల కాలేదు.

నిన్న పెద్ద మేడం వచ్చింది. పాఠం చదవమంది. మొదటి వాక్యానికే ఇరవైఎనిమిది వేళ్లు ఒక్కసారి లేచాయి, దిగాయి, మళ్లీ లేచాయి. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఏంటా వేళ్లు?"

"నన్ను చూసి నేర్చుకున్నారండి. తప్పు నాదే" అన్నాను. అయిపోయింది, రికార్డులే అనుకున్నాను.

ఆవిడ నా ముఖం చూసింది. మాస్కు లేకుండా ఆవిడ నన్ను దగ్గరగా చూడటం అదే మొదలు. బోర్డు దగ్గరికి వెళ్లి, పుస్తకంలో లేని వాక్యాలు రెండు రాసింది. "మబ్బు పట్టింది. పావురం గూటికి చేరింది."

"ఎవరూ పైకి చదవకండి. కళ్లతోనే" అని, మాటల కింద కర్ర మెల్లగా జరపడం మొదలుపెట్టింది.

కర్ర 'మ' కిందికొచ్చింది, వేళ్లు లేచాయి. 'బ్బు' దగ్గర లేచాయి. 'పట్టింది' మొదట్లో లేచి, మధ్యలో 'న'లా పలికే సున్న దగ్గర కదలకుండా ఉన్నాయి. 'పావురం'లో 'పా' దగ్గర లేచి దిగి, చివరి సున్న దగ్గర మళ్లీ లేచాయి! అక్కడ కూడా పెదవులు కలుస్తాయని నేను చెప్పనేలేదమ్మా. వాళ్లంతట వాళ్లే కనిపెట్టుకున్నారు. రబ్బరు మింగినవాడు ఒక్కచోట ఆలస్యంగా లేపాడు, అంతే.

పెద్ద మేడం కర్ర బల్లమీద పెట్టింది.

"ముప్ఫై మంది నోరు తెరవకుండా చదవడం నేనెప్పుడూ చూడలేదు" అంది. ఇరవైఎనిమిదేనని నేను సరిదిద్దలేదు. "తరగతి మీదే. రెండో తరగతికి వెళ్లేలోపు ఆ వేళ్లు దింపండి, చాలు."

దింపుతాను. ఎలాగో ఇంకా తెలీదు కానీ దింపుతాను. ఆవిడ వెళ్లాక బోర్డు వైపు తిరిగి కాసేపు తుడిచిన చోటే తుడిచాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

ఇప్పుడు మిగిలింది నువ్వే. వచ్చే ఆదివారం పొద్దున్న పదింటికి ఫోన్ చేస్తాను. ఇన్నాళ్లూ చెయ్యకపోవడానికి కారణం ఏమిటో ఇప్పుడైనా చెప్పనీ. మిగతా మాటలు ఎలాగోలా నెట్టుకురాగలను. నిన్ను పిలిచే మాట దగ్గరే నాకు రెండు పెదవులూ కలవాలి. వేలు పెట్టుకుంటే ఇదివరకులాగే వస్తుంది, నీకేం తేడా తెలీదు. కానీ నేను వేలు పెట్టను. వంకరగానే పిలుస్తాను.

నువ్వు పలుకు.

ఇట్లు,
నీ పెద్దది