గడప కొయ్యొద్దు

తమ్ముడూ,

నేను బాగున్నాను. నువ్వు ముందు ఆ రంపం కింద పెట్టు. చక్రాల కుర్చీ లోపలికి రావాలి, వీధి గుమ్మం గడప కోసెయ్యమని పోయిన కార్డులో రాసింది నేనే. ఇప్పుడు వద్దనేదీ నేనే.

వెన్నెముక దెబ్బతిన్న మాకు ఈ ఆసుపత్రిలో నడక నేర్పే మేడమ్ ఉంది. కాలెత్తి దాటమని, మేం పట్టుకుని నడిచే రెండు కడ్డీల మధ్య నేలమీద ఒక చెక్క వేసింది. "ఇదేం చెక్కండీ? చిత్రిక పట్టలేదు, మా గడపలో సగం ఎత్తు కూడా లేదు" అన్నాను. "అయితే మీ గడపే చేసుకోండి" అంది. వడ్రంగితోనా ఆ మాట! కుర్చీలో కూర్చునే, నాలుగు వేళ్ల ఎత్తున నున్నగా చేసిపెట్టాను. నా నోటిదూల నా కాళ్లకే తగిలింది. పదకొండు రోజులు దాన్ని తన్నుకుంటూనే ఉన్నాను. నిన్న ఎడమకాలు దాటిందిరా! కుడికాలు కాసేపు మొరాయించి, అదీ ఈడ్చుకుంటూ వచ్చేసింది. మేడమ్ కళ్లు తుడుచుకుని "చిత్రిక బాగా పట్టారు" అంది.

దూరాలకు కుర్చీ తప్పదు, అందుకని పెరటివైపు మెట్లు తీసి ఏటవాలుగా సిమెంటు చేయించు. వీధి గుమ్మానికి రెండువైపులా పట్టుకోవడానికి కడ్డీలు బిగించు. ఎందుకని మీ వదిన అడిగితే అమ్మ మోకాళ్ల కోసమని చెప్పు. అమ్మకి నొప్పి తగ్గిందా? గడప ఇంకా కొయ్యలేదేమని వదిన తిడితే నోరుమూసుకుని ఆ తిట్లు తిను. ఈ కార్డు నీకంటే ముందే చదివిన పోస్ట్‌మ్యాన్‌కి కూడా గుట్టు విప్పొద్దని చెప్పు.

పిల్లలకు నా దీవెనలు. చివర్లో రాత వంకర పోయిందని నవ్వకు, ఈ నాలుగు లైన్లు నిలబడి రాశాను.

అన్నయ్య